హార్షంలో ఓటు తగాదా

లండను విక్టోరియా స్టేషనులో రైలెక్కి దక్షిణంగా ఇంచుమించు గంటసేపు ప్రయాణం చేస్తే హార్షం అనే ఊరు వస్తుంది. ఇది ససెక్స్ ప్రాంతంలోది. పెద్ద ఊరూ కాదు, పల్లెటూరూ కాదు. ఊరి నడిబొడ్డున కార్‌ఫాక్స్ అనే కూడలి, అందులో బ్యాండు వాయించుకోవటానికి ఒక చిన్న మంటపం. అక్కడినుంచి నాలుగడుగులు నడిస్తే కాజ్‌వే అనే వీధిలో పడతాము. బస్సుల రొద అక్కడ వినబడదు. రెండువైపులా చెట్లు, చెట్ల వెనుక గోడల్లో కొయ్యదూలాలు బయటికి కనిపించే పాతకాలపు ఇళ్ళు, వీధి చివర సెయింట్ మేరీ చర్చి. ఆ చర్చి శిఖరం చూస్తూ ఎంతసేపు నిలబడినా అడిగేవాడు ఉండడు.

గత వేసవి సెలవుల్లో నేను ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆ వీధిలో మూడు సాయంకాలాలు గడిపాను. లండను టవరూ, రాణిగారి నగలూ చూసివచ్చినవారు మన ఊళ్ళలో ఇప్పుడు తక్కువేమీ కాదు. కాజ్‌వే చూసివచ్చానంటే మాత్రం, "అదెక్కడ?" అని అడుగుతున్నారు. ఆ వీధికి ఒక చరిత్ర ఉంది. మూగజీవాల సంరక్షణకోసం ఇంగ్లండులో పుట్టిన పెద్ద సంఘం, అందరూ ఆర్.ఎస్.పి.సి.ఎ. అని పిలిచేది, 1973లో లండనులోని జెర్మిన్ వీధినుంచి కాపురం ఎత్తేసి ఈ వీధికే వచ్చింది. ఇక్కడ చాలా ఏళ్ళు ఉండి, తరువాత పక్కనున్న సౌత్‌వాటర్‌కు వెళ్ళింది. ఆ సంఘం లోపల జరిగిన తగాదాలు తెలుసుకోవలసిన అవసరం నాకు మా మరదలివల్ల కలిగింది.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా క్రాలీలో ఉంటాడు. హార్షానికి రైలులో పావుగంట దూరం కూడా లేదు. మా మరదలు తెనాలి పిల్ల. ఎం.కాం. చదివింది. అక్కడొక కంపెనీలో లెక్కలు చూస్తుంది. నేను దిగిన రోజునే, "బావగారూ, గరాజులోకి వెళితే దీపం వేయకండి. పిల్లలు పడుకున్నారు," అన్నది. వాళ్ళ పిల్లలిద్దరూ నా ఎదుటే సోఫాలో కూర్చుని ఉన్నారు! తరువాత తెలిసింది, ఆ పిల్లలు వేరు. ఒక అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, దానిమీద నాలుగు హెడ్జ్‌హాగ్ పిల్లలను పడుకోబెట్టింది.

హెడ్జ్‌హాగ్ అంటే మన ఏదుపంది కాదు. దానికి చుట్టమూ కాదు. దోసిట్లో పట్టేంత జంతువు. ఒంటినిండా పొట్టి ముళ్ళు. భయం వేస్తే బంతిలా ముడుచుకుంటుంది. రాత్రిపూట తోటల్లో తిరిగి పురుగులనూ, బొద్దింకలవంటి కీటకాలనూ ఏరుకు తింటుంది. చలికాలమంతా ఆకుల కుప్పలో నిద్రపోతుంది. పగటిపూట బయట పడి కనిపించిందంటే దానికి ఏదో ఆపద వచ్చిందన్నమాట. గడ్డికోసే యంత్రాలు తగులుతాయి, కారు చక్రాలు తగులుతాయి, వలల్లో చిక్కుకుంటాయి. జాలిపడి చాలామంది గిన్నెతో పాలు పెడతారట. అది చాలా తప్పు. పాలు దానికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ళు పెట్టాలి, పిల్లులకు పెట్టే మాంసాహారం పెట్టాలి. ఇవన్నీ మా మరదలు నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆమె తెనాలిలో ఉన్న రోజుల్లో బల్లిని చూసి మంచమెక్కేదని మా తమ్ముడు పక్కనుంచి అందుకున్నాడు.

ఆ చుట్టుపక్కల దెబ్బతిన్న అడవి జంతువులను కాపాడటానికి ఒక చిన్న ధర్మసంస్థ ఉంది. దాని పేరు నేను చెప్పను. అవసరమూ లేదు. ఆర్.ఎస్.పి.సి.ఎ.తో దానికి సంబంధం లేదు. ముప్పై ఏళ్ళ క్రితం ఒక ఇల్లాలు తన వంటగదిలో ప్రారంభించింది. ఇప్పుడు ఒక షెడ్డూ, ఇరవై పంజరాలూ, ఒక వ్యానూ ఉన్నాయి. అరవైమంది దాకా స్వచ్ఛంద సేవకులున్నారు. ఎవరికీ జీతం లేదు. ఒకరు బోనులు కడుగుతారు, ఒకరు రాత్రిళ్ళు ఫోను దగ్గర కూర్చుంటారు, మా మరదలివంటివారు కారు వేసుకువెళ్ళి కాలు విరిగిన నక్కపిల్లనో, కప్పుమీదినుంచి జారిపడిన సముద్రపక్షి పిల్లనో పెట్టెలో పెట్టి తెస్తారు.

ఇంత మంచి పనిలో తగాదా ఎక్కడిదని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను.

ఆ ఏడాది ఒక వృద్ధురాలు చనిపోతూ తన ఇల్లు అమ్మగా వచ్చిన డబ్బు ఈ సంస్థకు వీలునామా రాసింది. ఆ దేశంలో ఇది తరచు జరిగేదే. జంతువుల ధర్మసంస్థలకు వచ్చే రాబడిలో వీలునామాల సొమ్ము పెద్ద భాగం. ఆ డబ్బుతో ఏమి చేయాలన్నది నలుగురు ట్రస్టీలు నిర్ణయించారు. ఆ నలుగురిలో ఒకరు స్థాపకురాలు, ఒకరు ఆమె తమ్ముడు, మూడోవారు పనినుంచి విరమించిన పశువైద్యుడు, నాలుగోవారు ఒక బ్యాంకు ఉద్యోగి. కొత్త భవనం కట్టాలని తీర్మానించారు. ఉన్న బోనులు తుప్పు పట్టాయి, మందులకు వెతుక్కోవలసి వస్తున్నది, భవనం ఎందుకని సేవకులు అడిగారు. జమాఖర్చులు ఒకసారి చదివి వినిపించండి అన్నారు. "మీకు నమ్మకం లేదా?" అని జవాబు వచ్చింది.

"డబ్బు ఎవరూ తినలేదు బావగారూ," అన్నది మా మరదలు. "ఆవిడ తన పింఛనులోంచి మందులు కొన్న రోజులు నాకు తెలుసు. కాని లెక్క అడిగితే నమ్మకం లేదన్నట్టేనా? మా ఆఫీసులో ఏటా ఆడిటరు వస్తాడు. వచ్చాడని మా యజమాని ఏడ్చాడా?"

అసలు చిక్కు ఆ సంస్థ నిబంధనావళిలో ఉంది. ఇంగ్లండులో ఇటువంటి చిన్న ధర్మసంస్థలు రిజిస్టరు చేసుకోవటానికి ప్రభుత్వంవారి ఛారిటీ కమిషన్ రెండు నమూనాలు తయారుచేసి ఇచ్చింది. ఒక నమూనాలో ట్రస్టీలే సభ్యులు. వాళ్ళు తప్ప ఓటున్నవారు మరొకరుండరు. ఖాళీ వస్తే కొత్త ట్రస్టీని ఉన్న ట్రస్టీలే నియమించుకుంటారు. రెండో నమూనాలో విశాలమైన సభ్యత్వం ఉంటుంది. సభ్యులు ఏటా కూడి ట్రస్టీలను ఎన్నుకుంటారు. మొదటిది సులువు. నలుగురు స్నేహితులు కలిసి ఒక మంచిపని మొదలుపెట్టినప్పుడు అదే చాలు. ఈ సంస్థా అదే తీసుకున్నది. తరువాత సంస్థ పెరిగింది, నమూనా పెరగలేదు. అరవైమంది చాకిరీ, నలుగురి ఓటు!

సేవకులు కోరినవి నాలుగే నాలుగు. ఏడాదిపాటు పనిచేసిన ప్రతివారికీ ఓటుండాలి. ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదవాలి. ఒక కుటుంబంనుంచి ఇద్దరు ట్రస్టీలు ఉండకూడదు. ఎవరూ ఆ కుర్చీలో ఏకధాటిగా తొమ్మిదేళ్ళు మించి కూర్చోకూడదు. ఈ కోరికల కాగితం రాసింది మా మరదలే. నిబంధన మార్చాలంటే ఓటున్న సభ్యుల్లో నూటికి డెబ్బై అయిదు వంతులు ఒప్పుకోవాలి. అంటే ఆ నలుగురిలో ముగ్గురు తమ అధికారాన్ని తామే వదులుకోవాలి. అటువంటిది లోకంలో ఎక్కడైనా జరుగుతుందా అని నాకు సందేహం కలిగింది. సభకు ఇంకా పదిరోజులు గడువుంది. ఈలోగా ఇటువంటి తగాదాలు ఆ దేశంలో ఇదివరకు ఎలా తీరాయో చూద్దామని బయలుదేరాను. కాజ్‌వే నాకు అలా పరిచయమైంది. అక్కడినుంచి లండనులో సెయింట్ మార్టిన్స్ లేనుకూ వెళ్ళాను.

సెయింట్ మార్టిన్స్ లేను ఇప్పుడు నాటకశాలల వీధి. సాయంత్రమైతే నడవటానికి చోటుండదు. రెండువందల ఏళ్ళ క్రితం అక్కడ స్లాటర్ అనే ఆయన పేరుమీద ఒక కాఫీ హోటలు ఉండేది. ఆ పేరుకు ఇంగ్లీషులో వధ అని అర్థం. 1824 జూన్ 16న ఆ కాఫీ హోటలులో, ఆ పేరు కిందనే, కొందరు పెద్దమనుషులు కూర్చుని జంతుహింసను మాన్పించే సంఘం పెట్టారు. వారిలో బానిస వ్యాపారాన్ని రద్దు చేయించిన విల్బర్‌ఫోర్స్ ఉన్నాడు. 1822లో పశువులను హింసించటం నేరమని పార్లమెంటులో చట్టం చేయించిన రిచర్డ్ మార్టిన్ ఉన్నాడు. అందరినీ పిలిచి కూర్చోబెట్టినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే మతాచార్యుడు. ఆ కాఫీ హోటలు ఇప్పుడు లేదు. కొత్త వీధి వేసినప్పుడు పోయింది.

బ్రూమ్ మహా మంచివాడు. సంఘం తరపున సంతల్లో తిరిగి హింసను కనిపెట్టేవారికి తన జేబులోంచి జీతాలిచ్చాడు. చందాలు చాలలేదు. సంఘం బాకీలు ఆయన మెడకు చుట్టుకున్నాయి. 1826లో ఆ బాకీలకు ఆయనను జైలులో పెట్టారు. సంఘం డబ్బూ తన డబ్బూ ఒకే సంచిలో ఉంటే ఎంత ధర్మాత్ముడికైనా ఇదే గతి. ఆయన తరువాత కార్యదర్శి అయినవాడు లూయిస్ గోంపెర్ట్జ్. గుర్రం బాధపడుతుందని బండి ఎక్కని మనిషి. సంఘాన్ని అప్పుల్లోంచి లేవదీశాడు. అయితే ఆయన యూదుడు. ఇది క్రైస్తవ ధర్మంమీద నిలిచిన సంఘమని 1832లో తక్కినవారు తీర్మానించేసరికి ఆయన బయటికి వెళ్ళి వేరే సంఘం పెట్టుకున్నాడు. సంఘం పెట్టిన కొద్ది ఏళ్ళలోనే, డబ్బు ఎవరి చేతిలో ఉండాలి, లోపలికి ఎవరిని రానివ్వాలి అనే ప్రశ్నలు రెండూ వచ్చిపడ్డాయి. గరాజులో హెడ్జ్‌హాగ్ పిల్లలను పెంచే మా మరదలు అడుగుతున్నవీ ఈ రెండే.

మార్టిన్ చేయించిన చట్టం ఆవులకూ, గుర్రాలకూ, గొర్రెలకూ. అడవిలో తిరిగే చాలా జంతువులను కొట్టి హింసించినా నేరం కాకుండా పోయింది. హెడ్జ్‌హాగ్‌కు ఆ రక్షణ దొరకటానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది. ఇక నక్కల సంగతి. కుక్కలను ఉసిగొల్పి, గుర్రాలమీద నక్కలను తరిమే వేట అక్కడి జమీందారులకు ముచ్చటైన వినోదం. జంతువులమీద దయకోసం పుట్టిన ఈ సంఘమే 1976 దాకా నక్కవేటను సూటిగా ఖండించలేదు. సంఘం పెద్దల్లో వేటను సమర్థించేవారూ ఉండేవారు.

దాన్ని మార్చినవారు సభ్యులే. 1970లో కొందరు కలిసి సంస్కరణ బృందం అని పేరు పెట్టుకున్నారు. వీధుల్లో అరవలేదు. నియమావళి చదివారు. చందా కట్టి సభ్యులైనవారిని వార్షిక సభకు రమ్మని బతిమాలారు. ఒక్కొక్కరుగా కౌన్సిలు ఎన్నికల్లో నిలబడ్డారు. వారిలో రిచర్డ్ రైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకరు. 1976లో సంఘం నక్కవేటను వ్యతిరేకించింది. 1977లో రైడర్ కౌన్సిలుకు అధ్యక్షుడయ్యాడు. సంఘం కాజ్‌వేకు వచ్చిన కొత్తలో జరిగిన సంగతులివి. కుక్కలతో వేటాడటాన్ని నిషేధించే చట్టం 2004లో వచ్చి, 2005 ఫిబ్రవరిలో అమలయింది. దీనికంతటికీ అడుగున ఉన్నది ఎవరో ఒక గుమాస్తా, ఎవరో ఒక పంతులమ్మ, పనికట్టుకుని రైలెక్కి వెళ్ళి వేసిన ఓటు.

అయితే సంస్కర్తలు వచ్చిన తలుపులోంచే వాళ్ళ ప్రత్యర్థులూ రావచ్చు. 1990లలో వేటను కోరేవారు చందాలు కట్టి సభ్యులుగా చేరి సంఘం విధానాన్ని తారుమారు చేయాలని చూశారు. సంఘం కోర్టుకెక్కింది. తన ఆశయాన్ని చెడగొట్టటానికే చేరేవారిని వద్దనే హక్కు సంఘానికి ఉన్నదని 2001లో హైకోర్టు తేల్చింది. ఆ తీర్పు న్యాయమే అనిపిస్తుంది. కాని ఆ హక్కే పెద్దలకు కిట్టనివారినల్లా బయట ఉంచే సాకు కూడా కావచ్చు కదా! తలుపు ఎంత తెరవాలన్నది ఏ తీర్పూ ఒక్కసారిగా తేల్చే విషయం కాదు. ఆ పెద్ద సంఘానికే 2018లో నిర్వహణ లోపంమీద ఛారిటీ కమిషన్ హెచ్చరిక వచ్చింది. 2019లో సభ్యులు ఓటు వేసి, ఇరవై అయిదుమంది ఉండే కౌన్సిలును పన్నెండుమంది ఉండే బోర్డుగా తగ్గించుకున్నారు. నూట తొంభై అయిదేళ్ళ సంఘం కూడా ఇల్లు సర్దుకోవటం మానలేదు.

ఇంతలో సభ రోజు వచ్చింది. హార్షం పక్క పల్లెలో ఒక చిన్న హాలు. నన్ను వెనుక వరుసలో కూర్చోబెట్టి, చేతికి ఒక కప్పు టీ ఇచ్చారు. యాభైమంది దాకా వచ్చారు. చాలామంది చేతులమీద గోళ్ళ గీతలూ, ముళ్ళ పోట్లూ ఉన్నాయి.

స్థాపకురాలు లేచింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నిటారుగా నిలబడింది. "ఇది నా వంటగదిలో పుట్టింది. ముప్పై ఏళ్ళు నేను రాత్రి తిన్నగా నిద్రపోలేదు. ఇప్పుడు చేతులెత్తి నన్ను పంపించేస్తారా?" అన్నది. హాలంతా నిశ్శబ్దమైంది. కాసేపు నాకు ఆమె పక్షానే మాట్లాడాలనిపించింది.

ఒకప్పుడు బస్సు నడిపిన పెద్దాయన లేచాడు. "మిమ్మల్ని పంపించటానికి మేమెవరం రాలేదు. కాని ఇది మీ వంటగదిలోంచి బయటికి వచ్చి చాలా కాలమైంది. రేపు మీకు జబ్బు చేస్తే బ్యాంకులో సంతకం ఎవరు పెడతారో మాకు తెలియదు. ఆ సంగతి మీకైనా తెలుసా?" అన్నాడు.

వెనుకనుంచి ఒక కుర్రవాడు, "ఒప్పుకోకపోతే రేపటినుంచి పని మానేద్దాం," అన్నాడు. మా మరదలు వెంటనే లేచింది. "మానేస్తే శిక్ష ఎవరికి? బోనుల్లో ఉన్నవాటికి. అది కుదరదు. పని చేస్తూనే అడుగుదాం. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు," అన్నది. ఎప్పుడూ తలవంచుకుని కాఫీ అందించే పిల్ల ఆ హాలులో ఇంగ్లీషువాళ్ళ మధ్య నిలబడి మాట్లాడుతుంటే, మా అమ్మ బతికి ఉండి చూస్తే బాగుండుననిపించింది.

ఎవరైనా చేరి చెడగొడితే, అన్న ప్రశ్నా వచ్చింది. చందా కట్టినంతమాత్రాన ఓటు రాదు, ఏడాదిపాటు బోనులు కడిగినవారికే వస్తుందని జవాబు చెప్పారు. చెడగొట్టటానికి వచ్చేవాడు ఏడాది పొడుగునా నక్కపిల్ల మలం ఎత్తడు కదా! ఆ పెద్ద సంఘం కోర్టుదాకా వెళ్ళి తేల్చుకున్న విషయానికి ఈ పల్లె హాలులో దొరికిన జవాబు నాకు చాలా నచ్చింది.

చివరికి పశువైద్యుడు తీర్మానం చదివాడు. ఓటు నలుగురిదే. ముందు ఆయనే చెయ్యెత్తాడు. తరువాత బ్యాంకు ఉద్యోగి. స్థాపకురాలి తమ్ముడు అక్కగారివంక ఒకసారి చూసి, కళ్ళు దించుకుని, మెల్లగా చెయ్యెత్తాడు. ఆమె ఎత్తలేదు. ముగ్గురు చాలు కాబట్టి తీర్మానం నెగ్గింది. చప్పట్లు కొట్టటానికి ఎవరికీ మనసు రాలేదు. ఆమె సంచి భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్ళి, వెనుదిరిగి, "ఈ రాత్రి ఫోను దగ్గర ఎవరు?" అని అడిగింది. ఒకరు చెయ్యెత్తారు. "సరే, మూడో నంబరు బోనుకు మందు మరచిపోకండి," అని వెళ్ళిపోయింది.

మన ఊళ్ళలో ఇటువంటి స్థాపకులు లేరా? గ్రంథాలయం పెట్టినవారు, సత్రం కట్టించినవారు, గోశాల నడిపేవారు మనకు కొల్లలు. మన దేశంలో కూడా మూగజీవాలకోసం పోరాడినవారున్నారు. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో బిల్లు ప్రతిపాదించబట్టే 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. మనకు కొరత వచ్చేది త్యాగంలో కాదు. త్యాగం చేసినవాడిని లెక్క అడగటం మర్యాద కాదనుకుంటాము. అడిగినవాడిని కృతఘ్నుడంటాము. ఆయన పోయిన తరువాత కొడుకులు ఆ స్థలంకోసం కోర్టుకెక్కితే అప్పుడు చెవులు కొరుక్కుంటాము. సర్వసభ్య సమావేశమని కార్డు వస్తే, కోరం కూడా లేక వాయిదా పడే సభ ఎందుకని పడక కుర్చీలో వారపత్రిక తిరగవేస్తాము. ఆ హాలులో కూర్చున్నవారు పగలంతా బతుకుతెరువుకోసం పనిచేసి, రాత్రిళ్ళు జంతువులకు సేవ చేసి, ఆపైన నిబంధనావళి చదివారు. మూడు పనుల్లోకీ చివరిదే కష్టమని నాకు తోచింది. దానికి ఎవరూ దండ వేయరు.

నేను ఇంటికి తిరిగివచ్చాను. మారిన నిబంధనలు కమిషన్‌లో నమోదు కావటానికి కొంతకాలం పట్టింది. ఈ వసంతంలో మొదటి ఎన్నిక జరిగింది. అయిదు స్థానాలకు తొమ్మిదిమంది నిలబడ్డారు. చెయ్యెత్తని స్థాపకురాలు కూడా నిలబడింది. అందరికంటే ఎక్కువ ఓట్లు ఆమెకే వచ్చాయి. ఆమె తమ్ముడు నిలబడలేదు. కోరికల కాగితం రాసిన మా మరదలు నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

ఓదార్చుదామని ఫోను చేశాను. తీరా చేస్తే మాట్లాడటానికి ఆమెకు తీరికలేదు. "ఓడితే ఓడాను బావగారూ! లెక్కలు అచ్చువేసి షెడ్డు గోడకు అంటించారు. మందులకు ఎంత, బోనులకు ఎంత, అన్నీ ఉన్నాయి. రెండోచోట కూడికలో ఒక తప్పు కూడా పట్టుకున్నాను. ఉంటాను, ఎవరి కప్పుమీదో పక్షిపిల్ల జారిపడిందట," అని ఫోను పెట్టేసింది.